పోల్‌మన్ ఆర్డర్లు నువ్వే రాయాలి

అమ్మడికి,

నాన్న ఆశీస్సులు.

నీ పరీక్షలు అయిపోయాయని అమ్మ చెప్పింది. అప్పటిదాకా రాయకూడదని ఆగాను, ఇక ఆగలేను. పోయిన ఆదివారం టేబుల్ మీద సైనికుల బొమ్మలతో, కొత్త రూల్స్‌తో అస్సాయే యుద్ధం ఆడాం. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే లేచేసరికి సాయంత్రం నాలుగున్నర. నేను ఈస్టిండియా కంపెనీ సేనాపతి వెల్లెస్లీ, నా స్నేహితుడు మరాఠాల తరఫున పోల్‌మన్. నేను ఓడిపోయాను. ఓడిపోయిన తీరు నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా ఈ ఆట మానేశావు. ఆ రోజు ఏమన్నావో గుర్తుందా? "నాన్నా, ఇక్కడ ఎవరూ భయపడరు, ఎవరూ పొరపాటు పడరు. నువ్వు ఎక్కడికి జరిపితే అక్కడికి వెళ్లి నిలబడతారు. ఇది యుద్ధం కాదు, లెక్కలు" అన్నావు. నాకు కోపం వచ్చింది. పైకి అనలేదు గానీ ఆ మాట చాలా రోజులు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే అది నిజం. పాత రూల్స్‌లో మనం చేసిందల్లా కూడికలే కదా: గట్టు మీద ఉంటే ఒకటి కలుపు, అలసిపోతే ఒకటి తీసెయ్, పక్క నుంచి కొడితే రెండు కలుపు. చివర్లో పాచికలు వేసి, చచ్చిన బొమ్మల్ని లెక్కపెట్టి డబ్బాలో వేసేవాళ్లం. టేబుల్ మీద ఏ మూల ఏం జరుగుతున్నా నాకు కనపడేది. నాకు కనపడిందల్లా నా సేనాపతికీ కనపడేది. అసలు యుద్ధంలో ఏ సేనాపతికీ అంత అదృష్టం లేదు.

కొత్త రూల్స్ మొదటి మాటే వేరు. ఆట మొదలవక ముందే ఒక్కో బ్రిగేడ్‌కీ, అంటే కొన్ని పటాలాలు కలిసిన దళానికి, ఒక్కో చీటీ మీద ఆర్డర్ రాయాలి. రాశాక ఆ బ్రిగేడ్ ఆ చీటీ ప్రకారమే నడుస్తుంది. మధ్యలో మనసు మార్చుకుంటే కబురు తీసుకెళ్లే రౌతు బొమ్మని సేనాపతి పక్క నుంచి బయలుదేరదీయాలి. వాడు ఒక టర్న్‌కి 12 అంగుళాలే వెళ్తాడు. మన టేబుల్ మీద అంగుళం అంటే 40 గజాలు. వాడు చేరాక కూడా పని అయిపోయినట్టు కాదు. అక్కడున్న అధికారికి ఒక అంకె ఉంటుంది. రెండు పాచికల మొత్తం ఆ అంకెకి సమానంగానో తక్కువగానో వస్తేనే వాడికి కబురు సరిగ్గా అర్థమైనట్టు. అంకె 8 అయితే 36లో 26 సార్లు అర్థమవుతుంది. 6 అయితే 15 సార్లే. ఒక్క అధికారి తేడాలో యుద్ధం ఎంత మారిపోతుందో చూశావా? మొత్తం ఆ అంకెని మూడో, అంతకు పైనో దాటిపోతే వాడు ఆర్డర్‌ని తలకిందులుగా అర్థం చేసుకుని, ఎదురుగా ఏ శత్రువు దగ్గరుంటే వాడి మీదికి నేరుగా నడుస్తాడు.

ఇంకొకటి, సంచి. ప్రతి బ్రిగేడ్‌కీ ఒక బిళ్ళ ఉంటుంది. సంచిలోంచి ఎవరి బిళ్ళ వస్తే వాళ్లు కదలాలి. అందులోనే ముగింపు బిళ్ళ కూడా ఉంటుంది. అది వచ్చిందంటే టర్న్ అయిపోయినట్టే, మిగిలినవాళ్లు ఎక్కడున్నవాళ్లు అక్కడే. సంచిలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఎంత టెన్షన్ పడ్డానో మాటల్లో చెప్పలేను.

అస్సాయే సంగతి నీకు కొంత తెలుసు. 1803 సెప్టెంబర్ 23. దక్షిణాన కైత్నా, ఉత్తరాన జువా, ఈ రెండు వాగుల మధ్య సన్నటి నేల, జువా ఒడ్డున అస్సాయే ఊరు. ఏరు దాటే రేవు ఎక్కడా లేదని వెల్లెస్లీకి దారి చూపేవాళ్లు చెప్పారు. ఆయన మాత్రం కైత్నాకి అటొకటి, ఇటొకటి ఎదురెదురుగా రెండు ఊళ్లు ఉండటం చూశాడు. మధ్యలో రేవు లేకుండా అలా ఊళ్లు కట్టుకోరని అనుకున్నాడు. రేవు ఉంది. అక్కడ దాటి తూర్పు వైపు నుంచి మరాఠాల మీదికి వచ్చాడు. పోల్‌మన్ జర్మన్. అతని పటాలాలు అప్పటిదాకా కైత్నా వైపు తిరిగి నిలబడి ఉన్నాయి. అంత పెద్ద వరుస అంత త్వరగా తూర్పుకి తిరగగలదని వెల్లెస్లీ అనుకోలేదు. తిరిగింది. ఇక ఆయన దాదాపు 4,500 మందితో వందకు దగ్గరగా ఉన్న ఫిరంగులకి ఎదురు నడవాల్సి వచ్చింది.

ఆయన కుడి చివర ఓరాక్ అనే అధికారి కింద చిన్న దళం ఉంది, దాని వెనక 74వ హైలాండర్స్ అనే స్కాట్లండ్ పటాలం. ఊళ్లో ఉన్న ఫిరంగులకి అందకుండా పక్కకి ఉండాలని ఓరాక్‌కి ఆర్డర్. అతను నేరుగా ఊరి మీదికే నడిచాడు. 74 అతని వెనకే వెళ్లింది. ఆ ఒక్క పటాలంలోనే దాదాపు 500 మందిలో 400 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది.

ఇదంతా నాకు ముందే తెలుసు కదా. అందుకే ఓరాక్ చీటీ మీద ఒక్కొక్క అక్షరం ఆలోచించి రాశాను: "కుడికి జరుగు. ఊరికి 15 అంగుళాల లోపలికి పోకు. వరుసలో కలువు." రెండు టర్న్‌లు బాగానే నడిచింది. మూడో టర్న్‌లో మరాఠా గుర్రాలు అటు వైపు కదిలితే నాకు భయమేసింది. 'ఆగు, అక్కడే నిలబడు' అని కబురు పంపాను. పంపకుండా ఉంటే బాగుండేది. రౌతు 14 అంగుళాలు వెళ్లాలి, రెండు టర్న్‌లు పట్టింది. ఓరాక్ అంకె 6. పాచికలు వేశాను. మొదటిది వెంటనే ఆగింది, నాలుగు. రెండోది కైత్నా ఒడ్డున పరిచిన నీలం గుడ్డ దాకా దొర్లుకుంటూ వెళ్లి ఐదు మీద నిలబడింది. మొత్తం తొమ్మిది. నా పాచిక పారలేదు. ఓరాక్ ఊరి మీదికి నడిచాడు. 74 చీటీ మీద నేనే రాశాను, 'ఓరాక్ వెంట వెళ్లు' అని.

నిన్ను తల్చుకున్నది అప్పుడే, అమ్మడూ. రెండు వందల ఏళ్ల కింద ఏం జరిగిందో తెలిసి, అది జరగకూడదనే ఆర్డర్ రాసి, నా కంగారుతో నేనే జరిగేలా చేశాను. ఇది లెక్కల వల్ల జరిగింది కాదు.

ఈ రూల్స్‌లో బొమ్మల్ని తీసెయ్యరు. దెబ్బ తగిలినప్పుడల్లా బొమ్మలు నిలబెట్టిన పలక వెనక ఒక ఎర్ర పూస పెడతారు. పటాలం నిలబడే ఉంటుంది, పూసలు మాత్రం పెరుగుతాయి. ఎనిమిది దాటితే చెదిరిపోతుంది. 74 వెనక ఒక్కో పూసా పెడుతుంటే నా చెయ్యి బరువెక్కింది. జెండా పట్టుకున్నవాడు నువ్వు రంగు వేసినవాడే. ఒక కన్ను కొంచెం పెద్దదైందని నువ్వు ఏడిస్తే, వాడు పొగలోకి చూస్తున్నాడులే అని అమ్మ ఓదార్చింది కదా. ఆరో టర్న్‌లో తొమ్మిదో పూస పడింది. అసలు యుద్ధంలో వెల్లెస్లీ వైపు అధికారి మాక్స్‌వెల్ గుర్రపు దళం వచ్చి 74లో మిగిలినవాళ్లని కాపాడింది. మాక్స్‌వెల్ ఆ రోజే తర్వాత చనిపోయాడు. మా ఆటలో అతని బిళ్ళ సంచిలోంచి రానేలేదు, ముగింపు బిళ్ళ ముందొచ్చింది. జెండావాణ్ని టేబుల్ మీద నుంచి తీసి డబ్బాలో పడెయ్యబుద్ధి కాలేదు. కిటికీ గట్టు మీద నిలబెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఈ రూల్స్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. పక్క నుంచి దాడి అంటే ఎంత కోణం నుంచి అనేది సరిగ్గా రాయలేదు, దాని మీద అరగంట వాదించుకున్నాం. కబురు తీసుకెళ్లే రౌతుకి దారిలో ఏమీ కాదు, అది నేను నమ్మలేను. అన్నిటికంటే పెద్ద లోపం ఫిరంగుల దగ్గర ఉంది. కాలిబంట్లు ఫిరంగిని దాటి వెళ్తే అది ఆటలోంచి పోయినట్టేనట. అస్సాయేలో అలా జరగలేదు. చాలామంది మరాఠా ఫిరంగివాళ్లు చచ్చినట్టు పడుకుని, దండు దాటిపోయాక లేచి, ఫిరంగుల్ని తిప్పి వెనక నుంచి కాల్చారు. అంత ధైర్యానికి ఈ రూల్స్‌లో చోటు లేకపోవడం నాకు నచ్చలేదు. దాటిపోయిన ప్రతి ఫిరంగికీ టర్న్ చివర ఒక పాచిక వెయ్యాలి, 5 గానీ 6 గానీ వస్తే ఆ ఫిరంగి మళ్లీ లేచినట్టు. ఇది నేను కలిపిన రూల్, నా స్నేహితుడు ఒప్పుకున్నాడు.

చీటీ రాయడం, కబురు ఆలస్యం కావడం కొత్తగా పుట్టిన ఆలోచనలు కావు. 1812లో జర్మన్ రాజ్యం ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన రాజుగారికి ఒక యుద్ధక్రీడ టేబుల్ చేసిచ్చాడు. ఆయన కొడుకు సైన్యంలో అధికారి. తండ్రి టేబుల్‌ని వదిలేసి 1:8000 కొలతతో గీసిన మ్యాపుల మీద ఆడేలా మార్చి, 1824లో రూల్స్ అచ్చు వేశాడు. ఆటగాళ్లు ఆర్డర్లు రాసి మధ్యవర్తికి ఇస్తారు, అటువైపు ఏం జరుగుతోందో ఆయనకే తెలుసు. కొడుకు చేసినదాన్నే ప్రష్యా సైన్యం వాడుకుంది. ఇది చదివినప్పుడల్లా నాకు నువ్వే గుర్తొస్తావు. టేబుల్ నేను చేశాను, అందులో లోపం కనిపెట్టింది నువ్వు.

ఇంకొక మాట. వెల్లెస్లీ వరుసలో ఎక్కువమంది మద్రాసు సైన్యం సిపాయిలు. ఉత్తరాదిన సిపాయిలని 'తిలంగాలు' అనేవాళ్లు, తెలుగువాళ్లని బట్టి వచ్చిన పేరు. ఆ రోజు కంపెనీ వైపున చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, జాడ తెలియనివాళ్లు అంతా కలిపి 1,584 మంది. అందులో మన మాట మాట్లాడినవాళ్లు ఎంతమందో! ఆ ఎర్ర కోట్ల బొమ్మలకి మొహాలు వేసేటప్పుడు ఇక తొందరపడను.

ఈ కవర్లో ఒక మ్యాప్ పెట్టాను, ఐదు ఖాళీ చీటీలు కూడా. ఈసారి మరాఠాల వైపు నువ్వు. పోల్‌మన్ బ్రిగేడ్‌కి ఒకటి, డుపాన్ బ్రిగేడ్‌కి ఒకటి, సర్ధనా పాలించిన బేగం సమ్రూ పటాలాలకి ఒకటి, ఊళ్లో ఉన్న బేరార్ రాజు కాలిబంట్లకి ఒకటి, గుర్రాలకి ఒకటి. ఒక్కో చీటీ మీద మూడు వాక్యాలకి మించకూడదు. రాసి, మడిచి, అంటించి పంపు. నేను తెరవను. నా స్నేహితుడు మధ్యవర్తిగా ఉంటానన్నాడు, అతనే తెరుస్తాడు. మూడు టర్న్‌లు అయ్యాక నీ సేనాపతికి కనపడేదంతా నీకు రాసి పంపుతాం. కొండ అవతల ఏముందో మాత్రం రాయం. అప్పుడు కబురు మార్చాలనుకుంటే మారుద్దువుగాని.

టేబుల్ కదపలేదు. వాగులు, ఊరు, గట్లు అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నీ చీటీలు వచ్చాకే నావి రాస్తాను. ఓరాక్‌కి ఈసారి ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు.

నీ నాన్న