వెబ్ పాఠం చెప్పబోతున్న తమ్ముడికి

మాంచెస్టర్,
జూన్ 14.

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య ఆశీస్సులు. అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మేమంతా క్షేమం. కాలువకు నీళ్లు వదిలారనీ, మన శివారు చేలకు ఇంకా అందలేదనీ అమ్మ ఫోనులో చెప్పింది. అమలాపురం కాలేజీలో ఈ ఏడు వెబ్ డిజైనూ ప్రోగ్రామింగూ నీకే అప్పగించారని విన్న దగ్గర నుంచి నీకు వివరంగా రాయాలనుకుంటున్నాను. ఇక్కడ పేపర్లు దిద్దడం పూర్తయింది కనుక ఇప్పటికి తీరిక చిక్కింది.

ముందుగా ఒక్క మాట. నేను చదువుకున్న పద్ధతిలో మాత్రం నువ్వు చెప్పవద్దు. డిగ్రీలో మా మాస్టారు ప్రోగ్రామును బోర్డు మీద రాసేవారు, మేము రికార్డులోకి ఎక్కించేవాళ్లం, కింద రావలసిన ఔట్‌పుట్‌ను కూడా బోర్డు చూసే దించేవాళ్లం. మూడేళ్లలో నా చేతులతో నడిపిన ప్రోగ్రాములు పదికి మించవు. రికార్డుకు మార్కులు నిండుగా పడ్డాయి గాని, మొదటి ఉద్యోగంలో పాతిక వరుసల ప్రోగ్రాము ఎందుకు ఆగిపోయిందో తెలియక తెల్లవార్లూ కూర్చున్నాను. తప్పును ఎక్కడి నుంచి వెతకాలో నాకు ఎవరూ చెప్పలేదు. నీ విద్యార్థులకు నువ్వు అన్నిటికంటే ముందు అది నేర్పాలని నా కోరిక.

దానికి మంచి పాఠం మన ఇంట్లోనే ఉంది. దాళ్వాలో మన వంతు వచ్చిన రోజున చేలోకి నీళ్లు రాకపోతే నాన్నగారు ఏం చేసేవారో గుర్తు తెచ్చుకో. సైకిలెక్కి, తూముకూ మన చేనుకూ సరిగ్గా మధ్యలో ఉన్న వంతెన దగ్గరకు వెళ్లి బోదెలోకి చూసేవారు. అక్కడ నీళ్లుంటే అడ్డు దిగువన ఉన్నట్టు, లేకపోతే ఎగువన ఉన్నట్టు. తేలిన ఆ సగంలో మళ్లీ మధ్యకు వెళ్లేవారు. మూడు నాలుగు చోట్ల చూసేసరికి గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో, గట్టుకు ఎక్కడ గండి పడిందో తెలిసిపోయేది. వెబ్ పేజీచేత లెక్కలూ పనులూ చేయించే భాష జావాస్క్రిప్టులో రాసిన వంద వరుసలు పనిచేయకపోతే నేను ఇక్కడ చేయించేదీ ఇదే. యాభయ్యో వరుస దగ్గర ఆగి, అప్పటికి విలువ ఎంత ఉందో బ్రౌజరులో విలువలు చూపే కన్సోల్‌లో చూడమంటాను. అది సరిగ్గా ఉంటే మొదటి యాభై వరుసల జోలికి పోనక్కర్లేదు. విద్యార్థి చెయ్యెత్తి పిలిచినప్పుడు నువ్వు మౌసు ముట్టుకోవద్దు. ఎక్కడిదాకా సరిగ్గా వచ్చిందని మాత్రం అడిగి, జవాబు చెప్పేదాకా పక్కనే నిలబడు. మొదటి వారాల్లో ఇది చాలా ఆలస్యంగా సాగుతుంది, సిలబస్ వెనకబడుతుందేమోనని నీకు గుబులు పుడుతుంది. అయినా పట్టు వదలకు.

జావాస్క్రిప్టు మొదలుపెట్టగానే ఎదురయ్యే ఒక తప్పు చెబుతాను. అంబాజీపేట మార్కెట్లో వెయ్యి కొబ్బరికాయల ధర ఒక పెట్టెలో, బండి కిరాయి ఇంకో పెట్టెలో టైపు చేసే ఫారం వాళ్లచేత తయారు చేయించు. 9500, 500 అని కొట్టి కూడమంటే 10000 రావలసిన చోట 9500500 అని వస్తుంది. అదే తీసివేయమంటే 9000 అని సరిగ్గానే వస్తుంది. ఫారంలో రాసినది జావాస్క్రిప్టుకు మామూలుగా అక్షరాల వరుసగా అందుతుంది, కూడిక గుర్తు ఆ వరుసలను ఒకదాని పక్కన ఒకటి అతికిస్తుంది. తీసివేతకు మాత్రం అక్షరాలతో పనిలేదు కనుక వాటిని సంఖ్యలుగా మార్చుకుంటుంది. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన చూపించి, కారణం వాళ్ల నోటి నుంచే వచ్చేదాకా ఓపిక పట్టు. కారణం వాళ్లంతట వాళ్లు కనుక్కున్నాక సంఖ్యగా మార్చే పద్ధతి చెబితే ఇక మరచిపోరు.

క్రమం విషయానికి వస్తే, మొదటి మూడు వారాలు రంగుల మాట ఎత్తకుండా, పేజీలో ఏది ఏమిటో గుర్తులతో చెప్పే హెచ్‌టీఎమ్ఎల్ మాత్రమే చెప్పు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్ అనే పరిశోధన సంస్థ నుంచి లోకానికి చూపిన మొదటి వెబ్‌సైటులో ఉన్నవి శీర్షికలూ, మాటలూ, లింకులే. ఆ పేజీ ఈనాటి ఫోనులోనూ చక్కగా తెరుచుకుంటుంది. అది పిల్లలకు చూపించు. రంగులూ అమరికా వంటి శైలిని హెచ్‌టీఎమ్ఎల్ నుంచి వేరుచేసే సీఎస్ఎస్‌ను హోకన్ లీ 1994లో ప్రతిపాదించగా 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది. ఏది శీర్షిక, ఏది పట్టిక, ఏది బటన్ అన్నది ముందు సరిగ్గా పెడితే, కళ్లు కనిపించనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా తడబడదు.

తెలుగు పేజీ తప్పకుండా చేయించు. ఇక్కడ నాకు దొరకని అవకాశం అది. పేరు రాసే పెట్టెకు పది అక్షరాల హద్దు పెట్టి, అందులో సుబ్రహ్మణ్యం అని కొట్టమను. మన కంటికి అవి నాలుగే అక్షరాలు. కంప్యూటరు మాత్రం హల్లునూ, గుణింతం గుర్తునూ, పొల్లునూ, సున్నానూ విడివిడిగా లెక్కపెట్టి 12 అంటుంది కనుక, పేరు సుబ్రహ్మణ్ దగ్గరే ఆగిపోతుంది. తరగతిలో ఆ పేరున్న కుర్రాడు ఒక్కడైనా ఉంటాడు, అతని ముఖం చూస్తే హద్దులు ఎందుకు ఆలోచించి పెట్టాలో అందరికీ తెలుస్తుంది. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయినంతే ఉంచితే మన ఒత్తులు కింది వరుసను తాకుతాయి. పెట్టె ఎత్తు బిగిస్తే తెగిపోతాయి కూడా. ఆ ఎడం పెంచి చూపించు.

వాళ్లు చేసిన కొబ్బరి ధరల పేజీని ల్యాబులో చూసి సంతోషపడి ఊరుకోవద్దు. ఎండలో, పాత ఫోనులో, సిగ్నల్ సరిగ్గా అందని లంకలో తెరిచి చూడమని చెప్పు. లేత బూడిద రంగు అక్షరాలు అక్కడ కనిపించవు. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే. ఫోనుతో తీసిన ఫోటోను తగ్గించకుండా యథాతథంగా పెడితే, అమ్మలాంటివాళ్లు అది వచ్చేలోపు ఫోను పక్కన పెట్టేస్తారు.

ల్యాబులో ఇద్దరికి ఒక కంప్యూటరే ఉందని దిగులుపడకు. ఒకరు కీబోర్డు దగ్గర, ఒకరు చెప్పేవారుగా కూర్చోబెట్టి, పావుగంటకు ఒకసారి చోటు మార్పించు. కరెంటు పోతే కాగితం మీద ఒక్కో వరుసా నడిపి, ప్రతి విలువా రాయించు. నేనుంటున్న ఈ ఊళ్లోనే 1948 జూన్ 21న, మెమొరీలో దాచుకున్న ప్రోగ్రామును నడిపిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు పనిచేసింది. దాన్ని బేబీ అనేవారు. టామ్ కిల్‌బర్న్ రాసిన ఆ ప్రోగ్రాములో ఉన్నవి 17 ఆదేశాలే. జవాబుకు 52 నిమిషాలు పట్టింది. పేజీడు కూడా లేని ప్రోగ్రామును కాగితం మీద నడపడానికి సిగ్గుపడే పిల్లలకు ఈ సంగతి చెప్పు.

అడిగితే ప్రోగ్రాము రాసిపెట్టే చాట్‌బాట్‌లు అక్కడా వచ్చేశాయి కనుక నిషేధించినా ఆగదు. నేను వైవాలో విద్యార్థి తెచ్చిన ప్రోగ్రాములోంచి ఒక వరుస తీసేసి, ఇప్పుడు ఏమవుతుందో నడపకముందే చెప్పమంటాను. పోయిన నెల ఒక అమ్మాయి చాలాసేపు తెర వంక చూసి, మొత్తం ఎప్పుడూ సున్నాయే వస్తుందని మెల్లగా చెప్పింది. నడిపితే సున్నాయే వచ్చింది. అందమైన పేజీలు తెచ్చినవాళ్లకంటే ఆమెకే ఎక్కువ మార్కులు వేశాను, సంతోషంగా వేశాను.

నీ సిలబస్ కాగితాన్ని ఫోటో తీసి పంపు. ల్యాబు ఎన్ని వారాలో, తరగతిలో ఎందరో రాస్తే, వారానికొకటి చొప్పున అభ్యాసాలు తయారుచేసి పంపుతాను. మన చేలోకి నీళ్లు వచ్చిన రోజున నాన్నగారిచేత నాకు ఫోను చేయించు.

ఇట్లు,
మీ అక్కయ్య