మొదటి శుక్రవారానికి ముందు రోజు

సంపాదకుల వారికి నమస్కారం.

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడలో జరిగిన గుణదల మరియమాత ఉత్సవాల మీద మీ పత్రికలో వచ్చిన వార్తలన్నీ చదివాను. కొండ మీది సిలువ దాకా మెట్లెక్కే జనం, తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, చంకలో పిల్లల్ని ఎత్తుకుని నడిచే తల్లులు. ఆ ఫోటోలు చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. నేనూ చిన్నప్పటి నుంచి వెళ్తున్నదాన్నే. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఎక్కించిన మెట్లు అవి. ఈ ఏడు మాత్రం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెబుదామనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది ఫిరంగిపురం దగ్గర ఒక పల్లె. కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని పెంచాను. మా ఆయన పోయినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్ళుగా, మా గుడిలో పూజగుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసే పని నాది. ఒక సిస్టర్ గారు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. పూజలో పాత్ర, పళ్ళెం కింద పరిచే చదరపు తెల్లగుడ్డ ఒకటి ఉంటుంది. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మేము స్వీకరించే అప్పం, రవ్వంత పొడి అయినా దాని మీద రాలి ఉండొచ్చు. అందుకని మొదట తడిపిన నీళ్ళు మోరీలో పొయ్యకూడదు, ఎవరూ తొక్కని చోట మట్టిలో పొయ్యాలి. నేను గుడి వెనక మందార మొదట్లో పోస్తాను. ఆ తర్వాతే సబ్బు, పల్చటి గంజి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ పెట్టి, ఇటు మూడు, అటు మూడు మడతలు వేస్తే, విప్పినప్పుడు తొమ్మిది గళ్ళు కనిపిస్తాయి. లోపలి వైపు లోపలే ఉండాలి. మా షాపులో ఎన్ని జాకెట్లు కుట్టినా ఈ గుడ్డ మడతపెట్టేటప్పుడు వచ్చే నెమ్మది నాకు ఇంకెక్కడా రాలేదు.

దీనితోపాటు ఇంకో పని కూడా నాకు వచ్చింది. ప్రతినెలా మొదటి శుక్రవారం ఫాదర్ గారు గుడికి రాలేనివాళ్ళ ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తారు. ముందు రోజు సాయంత్రం ఆ ఇళ్ళకు వెళ్ళి నేను సిద్ధం చేస్తాను. ఇల్లు ఊడవడం, మంచం మీద దుప్పటి మార్చడం, తల దువ్వడం, స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి సిలువ, రెండు కొవ్వొత్తులు, గ్లాసుడు నీళ్ళు పెట్టడం. చెప్పుకోవడానికి ఇంతే.

నిజం చెప్పాలి. మొదటి రెండు మూడేళ్ళూ ఈ పని మొక్కుబడిగా చేశాను. మనసులో కుట్టాల్సిన బట్టల టెన్షన్, వారం దాటినా ఇవ్వని జాకెట్ల టెన్షన్. ఒకరోజు నడుము విరిగి మంచం పట్టిన ఒక పెద్దమ్మకు తల దువ్వుతున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపి, "అమ్మాయ్, నీకు పనుంటే పో. రేపు దేవుడొస్తున్న ఇల్లు ఇది. మొహం అట్టా పెట్టుకుని దువ్వమాక" అంది. కోపంగా అనలేదు. బతిమాలినట్టు అంది. ఆ మాట నా గుండెలో దిగింది. మంచంలో ఉన్నవాళ్ళు మన చేతుల్ని బట్టే అంతా తెలుసుకుంటారు. దువ్వెన పడే తీరులోనే వాళ్ళకు తెలిసిపోతుంది, మనం వాళ్ళకోసం వచ్చామో, పని ముగించుకుని పోవడానికి వచ్చామో.

ఆ రోజు నుంచి ఒకటి అలవాటు చేసుకున్నాను. తల దువ్వుతూ జపమాల చెబుతాం, ఆవిడ సగం, నేను సగం. ఆవిడకు ఇప్పుడు మనవళ్ళ పేర్లు కూడా గుర్తుండటం లేదు, నన్ను ఒక్కోసారి వాళ్ళ చెల్లెలు అనుకుంటుంది. కానీ "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని నేను మొదలుపెడితే ఒక్క అక్షరం తప్పకుండా పూర్తి చేస్తుంది. జపమాలలోని అయిదు భాగాలూ అయ్యేసరికి జడ పూర్తవుతుంది. చివర్లో ఇద్దరం నవ్వుతాం. ఎందుకో అడిగితే చెప్పలేను. ఈ సంతోషం నేను తెచ్చిపెట్టుకున్నది కాదు, అక్కడికి వెళ్తే దొరుకుతోంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గుణదల పండుగ ఫిబ్రవరి 11న ఎందుకు వస్తుందో మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. 1858లో ఆ రోజునే ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్తమ్మ అనే అమ్మాయికి మరియమాత మొదటిసారి కనిపించింది. అదే రోజును రెండో జాన్‌పాల్ పోపుగారు 1992లో ప్రపంచ రోగుల దినంగా ప్రకటించారు, 1993 నుంచి జరుపుతున్నారు. ఈ రెండో సంగతి మన గుడుల్లో ఎంతమంది తలుచుకుంటున్నారు?

బెర్నదెత్తమ్మ జీవితంలో నన్ను కట్టిపడేసింది దర్శనాల తర్వాతి కాలం. 1866లో ఆమె లూర్దు వదిలి నెవేర్ ఊళ్ళోని మఠంలో చేరింది. మళ్ళీ ఎన్నడూ లూర్దుకు తిరిగి రాలేదు. 1876లో అక్కడ పెద్ద గుడిని ప్రతిష్ఠించినప్పుడు జనం వరదలా వచ్చారు, ఆమె మాత్రం రాలేదు. మఠంలో రోగుల గదిలో సేవ చేసింది, పూజసామాను చూసుకుంది, పీఠానికి వేసే గుడ్డల మీద కుట్టుపని చేసింది. తనే ఉబ్బసంతో బాధపడుతూ 1879లో, 35 ఏళ్ళకే, కన్ను మూసింది. ఆ కుట్టుపని సంగతి తెలిసిన రోజు నా మిషను ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరికి తల్లి కనిపించిందో ఆవిడే సూదీదారంతో, రోగుల పక్కన గడిపిందంటే, నా పనిని చిన్నదనుకోవడం ఎంత తప్పు!

మా ప్రాంతంలో ఫిబ్రవరి, మార్చి అంటే మిరపకాయ కోతలు. తెల్లారకముందే ఆటోలు వస్తాయి. ఆడామగా సద్ది కట్టుకుని వెళ్ళిపోతే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. నాలుగు రూకలు వచ్చే రోజులు అవే, వాళ్ళను తప్పుపట్టను. కానీ మంచంలో ఉన్న ముసలివాళ్ళు ఆ పగలంతా ఒంటరి. తలదగ్గర చెంబుతో నీళ్ళు, మూతపెట్టిన అన్నం గిన్నె. చెంబు చేతికి అందనంత దూరం జరిగిందా, సాయంత్రం దాకా దప్పికే. మొన్న ఫిబ్రవరి 11న మా ఊరి నుంచి గుణదలకు బండ్లు బయల్దేరాయి, మిగిలినవాళ్ళు కోతలకు పోయారు. ఊరు ఖాళీ అయింది. అందుకే నేను ఉండిపోయాను. నాలుగిళ్ళు తిరిగి నీళ్ళు పట్టించి, మాత్రలు వేసి, జపమాల చెప్పుకున్నాం. గుణదలకు వెళ్ళలేదన్న లోటు నాకు తెలియలేదు.

వెళ్ళొద్దని నేను అనడం లేదు, దయచేసి అలా అనుకోవద్దు. ఇంటికి ఒకరు వెళ్ళినా, తిరిగొచ్చిన మర్నాడు ఆ కొండ మీది కొవ్వొత్తి ముక్కో, మాత బొమ్మో తీసుకుని మంచంలో ఉన్నవాళ్ళ దగ్గర పావుగంట కూర్చోమంటున్నాను. కోతల కాలం అయ్యేదాకా యువజనులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని మధ్యాహ్నం ఒకసారి తలుపు తట్టమంటున్నాను.

"అవన్నీ సిస్టర్లు, నర్సులు చూసుకుంటారు కదా" అంటారు కొందరు. మన గుంటూరుకే 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ అమ్మగారు వచ్చారు. జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్ల సభలో చేరి, పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం చేశారు. ఒక్కదానివల్ల కాదని ఇక్కడి ఆడపిల్లలకే పురుళ్ళు పోయడం, నర్సు పని, మందులు కలపడం నేర్పారు. అంతటి డాక్టరమ్మే మన ఊళ్ళ ఆడవాళ్ళ చేతుల మీద ఆధారపడితే, ఆ చేతులు ఇప్పుడు ఎక్కడికి పోయాయి?

ఇంకొక్క మాట. మొదటి శుక్రవారం ఫాదర్ గారు వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టని ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. షుగరు ఉన్న ఒక తాత అలా ఉండి ఒకసారి స్పృహ తప్పాడు. సత్ప్రసాదానికి ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం వాస్తవమే, కానీ నీళ్ళకూ మందులకూ అది ఎవరికీ అడ్డు కాదు. ముసలివాళ్ళకు, జబ్బు మనుషులకు, వాళ్ళను చూసుకునేవాళ్ళకు తిండి విషయంలో కూడా ఆ గంట నియమం లేదు. శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, చట్టంలోనే ఇది ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ సంగతి చెప్పి, వేళకు తినిపించి మాత్ర వెయ్యండి.

వచ్చే మొదటి శుక్రవారానికి మా పల్లెలో అయిదు ఇళ్ళు లెక్క తేలాయి. నాలుగు నేను చూసుకోగలను. అయిదో ఇల్లు చెరువు గట్టు అవతల ఉంది, నా మోకాళ్ళు అంత దూరం రానీయడం లేదు. ఎవరైనా వస్తారేమోనని స్టూలు మీద పరిచే తెల్లగుడ్డ ఇంకొకటి కుట్టి ఉంచాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఫిరంగిపురం మండలం, గుంటూరు జిల్లా