కొండమల్లేపల్లి మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు

దేవరకొండ నుంచి నల్లగొండకు వస్తుండగా, నా మోటారుసైకిలు ఇంజిన్ కింది డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దించేందుకు విప్పే బోల్టు) నుంచి ఆయిల్ కారుతున్నదని గమనించి, కొండమల్లేపల్లిలో నన్ను ఆపి సరిచేసి పంపిన మెకానిక్ గారికి ఈ నాలుగు మాటలు. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నారు కనుక ఇలా అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

ఆ ఆయిల్ వెనుక టైరుకు అంటితే మలుపులో బండి జారుతుందని ఆయన మొదటే హెచ్చరించారు. కారుతున్న బోల్టును పానాతో ఇంకాస్త బిగించి పంపేవారే ఎక్కువ. ఆయన మాత్రం, ఇంజిన్ కేసు అల్యూమినియందీ బోల్టు ఉక్కుదీ కాబట్టి బలవంతంగా బిగిస్తే కేసులోని త్రెడ్డే (బోల్టు పట్టుకునే మరలే) పోతుందని వివరించి, ఆయిల్ మొత్తం దించి చూపించారు. లోపం బోల్టులో లేదు, దాని కింద నలిగి పలుచబడిన వాషర్‌లో ఉంది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్నీ మార్చడం మేలట.

త్రెడ్డు తుడిచి, కొత్త రాగి వాషర్ వేసి, బోల్టును ముందు చేతివేళ్లతోనే తిప్పి, అది తిన్నగా ఎక్కాకే పానా పట్టారు. కొత్త ఆయిల్ పోసి, బోల్టు చుట్టూ పొడిగా తుడిచి పౌడరు చల్లి, ఇంజిన్ కాసేపు నడిపించి, తడి మరక లేదని తేలాక, బండిని నిటారుగా నిలిపి ఆయిల్ మట్టం కూడా చూశారు. ఆ ఓపిక నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది.

సామానుకు తప్ప కూలి తీసుకోలేదు. “తమ్మీ, ఇంటికి పోయినంక ఒకసారి కింద చూడు” అన్నారు. చూశాను అన్నా, చుక్క కూడా కారలేదు. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.