ఫైబర్ ఫోనుకు బ్యాటరీ ఎవరు ఇవ్వాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. రాగి తీగల ల్యాండ్‌లైన్లు ఒక్కొక్కటిగా తీసేసి వాటి స్థానంలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లు ఇస్తున్నారు. మంచిదే. కానీ కరెంటు పోయినప్పుడు ఆ ఇంటి ఫోను సంగతేమిటన్నది ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. మా ఇంట్లో జరిగినది చెప్పి, ఈ విషయాన్ని మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసినప్పుడు మా వీధిలో కరెంటు స్తంభాలు నేలకూలాయి, సెల్‌ఫోన్లలో సిగ్నల్ లేదు. అయినా మా హాల్లోని పాత ల్యాండ్‌లైన్ రిసీవరు ఎత్తితే కుయ్‌మని డయల్ టోన్ వినిపించింది. ఇరుగుపొరుగు వాళ్లు వరసగా వచ్చి, దూరాన ఉన్న పిల్లలకు క్షేమంగా ఉన్నామని ఒక్క మాట చెప్పుకుని వెళ్లారు. మా వీధి కేబుల్ భూమిలోంచి రావడం మా అదృష్టం. అసలు కారణం మాత్రం, ఆ ఫోను మా ఇంటి కరెంటు మీద ఆధారపడకపోవడమే. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు, మాట నడిచే ఆ రాగి తీగ మీదుగానే వచ్చేది. బ్యాటరీలు దిగిపోయే లోపు ఆదుకోవడానికి అక్కడ జనరేటరు ఉండేది.

ఫైబర్‌లో నడిచేది వెలుగు. అది మాటను తెస్తుంది గానీ ఫోనుకు కావలసిన కరెంటును తేలేదు. గోడకు బిగించే మోడెం పెట్టె, కంపెనీ వాళ్లు ఓఎన్‌టీ అంటారు, సాధారణంగా 12 వోల్టుల అడాప్టరుతో మన ఇంటి ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటేనే ఫోను మోగుతుంది. అంటే ఇన్నాళ్లూ ఎక్స్ఛేంజి మోసిన బరువు చెప్పాపెట్టకుండా చందాదారు నెత్తిన పడింది. మాచేత సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో వేగం ఎంతో, నెలకు కట్టవలసింది ఎంతో ఉన్నాయి. కరెంటు పోతే ఫోను కూడా పోతుందన్న ముక్క ఎక్కడా లేదు.

కిందటి వేసవిలో ఈదురుగాలులకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి, రాత్రి తొమ్మిదింటికి పోయిన కరెంటు తెల్లవారే దాకా రాలేదు. మేము పెళ్లికని విజయనగరం వెళ్లాం. ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉన్నారు. ఆమెకు 84 ఏళ్లు, షుగరు ఉంది, చెవి సరిగా వినిపించదు; సెల్‌ఫోను వాడలేక పెద్ద అంకెలున్న ఇంటి ఫోనునే నమ్ముకున్నారు. షుగరు పడిపోయి ఒళ్లంతా చెమటలు పడుతుంటే చీకట్లో తడుముకుంటూ వెళ్లి రిసీవరు ఎత్తారు. చప్పుడు లేదు. చెవి వినిపించక అనుకుని, రిసీవరు మళ్లీ మళ్లీ పెట్టి ఎత్తారట. చివరికి ఎదురింటి అమ్మాయి మా కిటికీలో టార్చి వెలుగు అటూ ఇటూ ఊగడం చూసి పరుగెత్తుకొచ్చి, తన సెల్‌ఫోను నుంచి 108కి చేసింది. ఆ అమ్మాయి ఆ సమయంలో మేలుకుని ఉండకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే భయంగా ఉంది.

ఆ తరువాత మోడెంకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాం. నాలుగు గంటలు వస్తుందని పెట్టె మీద రాసి ఉంది, రెండున్నర గంటలకే ఆగిపోయింది. లెక్క చూస్తే అది సహజమే. మోడెం 10 వాట్లు వాడుతుందనుకుంటే, లోపలి 30 వాట్-అవర్ల బ్యాటరీ, అంటే 30 వాట్లను గంటసేపు ఇవ్వగలిగేది, మధ్యలో కొంత వృథా పోగా మూడు గంటలు కూడా పూర్తిగా రాదు. ఎనిమిది గంటలు కావాలంటే దాదాపు 100 వాట్-అవర్ల బ్యాటరీ ఉండాలి. ఈ లెక్కను చందాదారుకు విడమరిచి చెప్పేవారు లేరు. అడాప్టరు వోల్టులు, ఆంపియర్లు చూసుకోకుండా దుకాణంలో దొరికిన యూపీఎస్ తెచ్చి తగిలిస్తే మోడెం పాడయ్యే ప్రమాదమూ ఉంది. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవాళ్లు కూడా మోడెం ప్లగ్గు ఆ లైను మీద ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి. చాలా ఇళ్లలో ఫ్యాన్లకు, లైట్లకే ఇన్వర్టరు లైను ఇస్తారు.

ఇంత చేసినా సగమే ఒడ్డున పడ్డాం. తరువాత ఒకసారి కరెంటు పోయినప్పుడు మా మోడెం మీద పవర్ లైటు పచ్చగానే ఉంది, పక్కన ‘లాస్’ అన్న లైటు మాత్రం ఎర్రగా కొట్టుకుంటోంది. అంటే అవతలి నుంచి వెలుగు రావడం లేదు. మర్నాడు వచ్చిన కంపెనీ కుర్రవాణ్ని అడిగితే, "మా గదిలో బ్యాటరీలు పాతవైపోయాయండీ, రెండు గంటలకు మించి ఆగడం లేదు" అన్నాడు. మన ఇళ్లకు వచ్చే ఈ రకం ఫైబర్‌కు, కంపెనీ పరికరాలు ఉండే ఆ గదికీ మన ఇంటికీ మధ్య ఎక్కడా కరెంటు అక్కర్లేదు. దారిలో ఉండి, ఒక తీగలోని వెలుగును పలు ఇళ్లకు పంచే స్ప్లిటర్లు కూడా కరెంటు లేకుండానే పనిచేస్తాయి. తీగ తెగకుండా ఉండి, రెండు కొసల్లో బ్యాటరీలు నిలబడితే, ఊరంతా చీకట్లో ఉన్నా ఫోను మోగుతుంది. ఇంత మంచి సాంకేతికత చేతికి వచ్చి, బ్యాటరీల దగ్గర చేతులెత్తేయడం బాధగా ఉంది.

మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, ఇంటర్నెట్‌, టీవీ, ఫోను మూడింటినీ కలిపి నెలకు 149 రూపాయలకే ఇస్తామని ముందుకు వచ్చింది. మూడూ ఒకే లైను మీద వచ్చే చోట, కరెంటుతో పాటు మూడూ ఒకేసారి ఆగుతాయన్నదీ గుర్తుపెట్టుకోవాలి.

ఇతర దేశాలు ఈ సమస్యను ముందే గుర్తించాయి. అమెరికాలో టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015లో, పదేళ్ల గడువుతో, ఒక నిబంధన పెట్టింది: ఇంటి కరెంటు మీద నడిచే ఫోను ఇచ్చే కంపెనీ, అడిగిన చందాదారుకు ఎనిమిది గంటల బ్యాకప్ సమకూర్చాలి, మూడేళ్లలోగా 24 గంటల బ్యాకప్ కూడా అందుబాటులోకి తేవాలి, కరెంటు పోతే ఏమవుతుందో ముందే తెలియజేయాలి. ఖర్చు మాత్రం చందాదారు మీదే పెట్టింది. బ్రిటన్‌లో అలాంటి సంస్థే అయిన ఆఫ్‌కామ్ 2018లో, కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర నంబర్లకు ఫోను చేసుకునే వీలుండాలనీ, ల్యాండ్‌లైనే దిక్కయిన వారికి ఆ ఏర్పాటు ఉచితంగా ఇవ్వాలనీ మార్గదర్శకాలు ఇచ్చింది. తుపాను వస్తే రోజుల తరబడి కరెంటు ఉండని మన తీరానికి ఆ గంట ఏ మూలకూ చాలదు, కానీ అలాంటి వారికి ఉచితంగా ఇవ్వాలన్న ఆలోచన మనం తీసుకోదగ్గదే.

కాబట్టి మన దేశపు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కీ, కేంద్ర టెలికాం శాఖకీ నా విన్నపం ఇది. ఫైబర్ మీద ఫోను ఇచ్చే ప్రతి సంస్థా, కరెంటు పోతే ఆ ఫోను పనిచేయదని కనెక్షను ఇచ్చే రోజే తెలుగులో రాసి ఇవ్వాలి. ఆ మోడెంకు సరిపడే, ఎనిమిది గంటలు నిజంగా నిలిచే బ్యాటరీని తానే అమ్మాలి. ఒంటరిగా ఉండే వృద్ధులకు, మంచాన పడ్డవారికి ఉచితంగా ఇవ్వాలి. తన గదిలోని బ్యాటరీలకు ఎంత కాలం నిలవాలో కొలత పెట్టి, తనిఖీ చేయించాలి. పాడైన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత వాటి తయారీదారులకు 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల్లో ఉంది కనుక, వాటిని చెత్తకుండీలో పడేయకుండా ఎక్కడ ఇవ్వాలో కూడా ఆ కాగితం మీదే రాయాలి.

అక్టోబరు వస్తే మా తీరంలో మళ్లీ తుపానుల భయం. తక్కినవి చట్టాల దాకా వెళ్లి ఆలస్యమైనా, గదుల్లోని పాత బ్యాటరీలు మార్చడానికి ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు. ఆ పని సెప్టెంబరులోగా ముగించవలసిందిగా సంస్థలన్నిటినీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
విశాఖపట్నం