బార్ పెంచే ముందు పక్కింటికి ఒక మాట చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను టీచరుగా చేసి రిటైరయ్యాను. హైదరాబాద్ శివార్లలోని ఒక కాలనీలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాం. మా వెనక గోడ అవతల ఒక బార్ ఉంది. దాని ముఖం మెయిన్ రోడ్డు వైపు, వీపు మా వైపు. ఏడెనిమిదేళ్ళుగా దానితో మాకు పెద్ద పేచీ ఏమీ లేదు. వెనకాల కొంత ఖాళీ జాగా, అందులో ఒక వేపచెట్టు ఉండేవి. పోయిన దసరాకు ఊరెళ్ళి పది రోజుల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ జాగా లేదు, చెట్టూ లేదు. ఇనప గొట్టాలు పాతి, పైన రేకులు కప్పి, టేబుళ్ళు వేసేశారు. పక్కనే కొత్త వంటగది కట్టి, దాని ఎగ్జాస్ట్ ఫ్యాను సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా బిగించారు.

సాయంత్రం ఆరింటికి ఆ ఫ్యాను తిరగడం మొదలవుతుంది. మాడిన నూనె, ఎండుమిర్చి ఘాటు కలిసి నేరుగా మా ఇంట్లోకి వస్తాయి. మా వారికి ఉబ్బసం. కిటికీ మూసి, సందులో తడిగుడ్డ కుక్కి వంట చేసుకుంటున్నాను. దండెం మీది చీర తీసి మడతపెడుతుంటే చేతికి జిడ్డు తగులుతుంది. రాత్రి బార్ మూసే వేళకు ఖాళీ సీసాలను ఇనప డ్రమ్ములో పోస్తారు. క్రేటు ఎత్తి ఒక్కసారిగా కుమ్మరిస్తారు. టెన్త్ చదువుతున్న మా మనవరాలు ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. ఇక మళ్ళీ నిద్రపట్టేసరికి ఒంటిగంట.

భవన అనుమతులిచ్చే ఆఫీసుకు వెళ్ళాను. "అది బార్ కదమ్మా, ఎక్సైజ్ వాళ్ళను అడగండి" అన్నారు. ఎక్సైజ్ వాళ్ళ దగ్గరికి వెళితే "మేం లైసెన్సు చూస్తాం, గోడలు మా పని కాదు" అన్నారు. అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. అలాంటి రసీదులు నా దగ్గర ఇప్పటికి నాలుగున్నాయి.

ఈ ఉత్తరం మా ఒక్క ఇంటి గోడు చెప్పుకోవడానికి రాయడం లేదు. ఇదే పనిని ఇంకోలా చేయవచ్చని నేను కళ్ళారా చూశాను. అది నలుగురికీ చెప్పాలని రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి ఇంగ్లండ్ వెళ్ళి నాలుగు నెలలున్నాను. వాళ్ళ వీధి చివర ఒక పాత పబ్బు ఉంది. ఒకరోజు వాకింగ్‌కి వెళుతుంటే కరెంటు స్తంభానికి ప్లాస్టిక్ కవరులో పెట్టి కట్టిన ఒక కాగితం కనిపించింది. మా అబ్బాయి చదివి చెప్పాడు. పబ్బు వాళ్ళు వెనక వైపు చిన్న వంటగది, అద్దాల గది ఒకటి కట్టుకోవాలని దరఖాస్తు పెట్టుకున్నారట. ఎవరైనా ఏమైనా చెప్పదలచుకుంటే 21 రోజుల్లోగా కౌన్సిల్‌కు, అంటే అక్కడి మునిసిపాలిటీకి రాయాలట. ప్లాను కౌన్సిల్ వెబ్‌సైట్లో ఉంది. ఏ గోడ ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకుంటుంది, పక్కింటికి ఎంత దూరం, అన్నీ కొలతలతో సహా. ఎవరెవరు ఏం రాశారో కూడా అక్కడే చదువుకోవచ్చు. మా అబ్బాయి వాళ్ళ పక్కింటావిడ తన పాప పడుకునే గది పబ్బు వైపే ఉందని, రాత్రిపూట వెనక తలుపు తెరిచి ఉంచితే కష్టమని రాసింది. పబ్బు బతకాలి, కట్టుకోనివ్వండి అని రాసినవాళ్ళూ ఉన్నారు.

నేను తిరిగొచ్చేలోపే అనుమతి వచ్చింది. కానీ షరతులతో. రాత్రి 9 దాటాక తోట వైపు తలుపు మూసే ఉంచాలి, ఫ్యాను గొట్టం ఇళ్ళ వైపు ఉండకూడదు. పబ్బు వాళ్ళకు గది దక్కింది, ఆ పాపకు నిద్ర దక్కింది. ఏం చెబితే లెక్కలోకి తీసుకుంటారన్నది కూడా అక్కడ ముందే తేల్చి ఉంటుంది. చప్పుడు, వాసన, పార్కింగ్, వెలుతురు లాంటివి చూస్తారు. నా ఇంటి ధర పడిపోతుంది, నా వ్యాపారానికి పోటీ వస్తుంది అంటే వినరు. మద్యం లైసెన్సు సంగతి వేరే. అక్కడి 2003 నాటి లైసెన్సు చట్టం ప్రకారం కొత్త లైసెన్సు కావాలన్నా, ఉన్నదానిలో పెద్ద మార్పులు కావాలన్నా లేత నీలం రంగు కాగితం మీద నోటీసు రాసి 28 రోజులు ఆ స్థలంలోనే అంటించాలి.

మన దగ్గరా చట్టం లేక కాదు. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం భవనం చుట్టూ ఎంత జాగా వదలాలో నిబంధనలున్నాయి. 2020లో భవన అనుమతులు త్వరగా ఇచ్చేందుకు టీఎస్ బీపాస్ చట్టం వచ్చాక, 600 గజాలలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇళ్ళకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇస్తున్నారు. పెద్ద వాటికి 21 రోజుల్లో ఇవ్వాలి. ఇది మంచి మార్పే, ఇల్లు కట్టుకునే సామాన్యుడికి తిరుగుడు తప్పింది. అయితే అక్కడి 21 రోజులు ఇరుగుపొరుగు మాట వినడానికి, ఇక్కడి 21 రోజులు ఫైలు కదలడానికి. నా నాలుగు అర్జీలకూ కారణం ఈ తేడాయే. పక్కింటివాళ్ళు ఏమంటారని అడిగే చోటు మన దరఖాస్తులో ఎక్కడుంది? అసలు అనుమతే అడగకుండా కట్టేస్తే ఇక చెప్పేదేముంది. అనుమతి లేని కట్టడాలను జరిమానాతో క్రమబద్ధం చేసే పథకాలు 2007లో బీపీఎస్ పేరుతో, 2015లో బీఆర్ఎస్ పేరుతో వచ్చాయి. కట్టేస్తే ఎప్పుడో ఒకప్పుడు డబ్బు కట్టి క్రమబద్ధం చేయించుకోవచ్చులే అన్న ధీమా జనంలో పాతుకుపోయింది.

బార్‌కి గుడి నుంచి ఇంత దూరం, బడి నుంచి ఇంత దూరం అని నిబంధనలున్నాయి. పడుకునే గది కిటికీ నుంచి ఎంత దూరం? ఆ మాట ఎక్కడా కనబడదు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. జూబ్లీహిల్స్‌లో పబ్బుల మోత భరించలేక అక్కడివాళ్ళు హైకోర్టు దాకా వెళితేనే, 2022 సెప్టెంబరులో రాత్రి 10 తర్వాత సంగీతం వద్దన్న ఉత్తర్వు వచ్చింది. హైకోర్టుకు వెళ్ళే స్తోమత మా కాలనీకి లేదు.

నేను మద్యనిషేధం అడగడం లేదు. 1995లో అది రావడమూ చూశాను, 1997లో పోవడమూ చూశాను. ఆ బార్‌లో పనిచేసే కుర్రాళ్ళలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. వాళ్ళ జీతాలు పోవాలని నేనెందుకు కోరుకుంటాను? కట్టకముందే వచ్చి అడిగి ఉంటే ఫ్యాను రోడ్డు వైపు తిప్పండి, సీసాలు పొద్దున పారబోయండి అని చెప్పేదాన్ని. వాళ్ళకు వెయ్యి రూపాయల గొట్టంతో పోయేది. ఇప్పుడు ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటున్నాం.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఇది. బార్ అయినా, పబ్ అయినా, వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్ అయినా, ఒక్క గది పెంచాలన్నా సరే ముందు ఆ స్థలం దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో 21 రోజులు బోర్డు పెట్టించండి. గోడ కలిసిన ఇళ్ళకు కాగితం పంపండి. మేం రాసిందానికి అవునో కాదో రాతపూర్వకంగా జవాబివ్వండి. లైసెన్సు రెన్యువల్ చేసేటప్పుడు ఎక్సైజ్ వాళ్ళు భవనం ప్లాను కూడా చూడాలి. ఇలా చేస్తే అభ్యంతరాల పేరుతో డబ్బులు గుంజేవాళ్ళు పుట్టుకొస్తారని కొందరంటారు. ఆ భయం నాకూ ఉంది. అందుకే ఏయే కారణాలు చెల్లుతాయో నిబంధనల్లోనే రాయాలి, గడువు దాటాక వచ్చినవి పక్కన పెట్టాలి, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ అందరూ చదివేలా పెట్టాలి. చాటున బేరాలు సాగకుండా ఉండాలంటే అదొక్కటే దారి.

నిన్న పొద్దున లారీ వచ్చి బార్ మేడ మీదకు ఇటుకలు దింపి వెళ్ళింది. ఏం కడతారో, కిటికీలు ఎటు పెడతారో మాకు తెలియదు. ఈసారైనా గోడ లేవకముందే ఎవరైనా వచ్చి మా గేటుకు ఒక కాగితం కట్టి వెళ్ళేలా చూడండి.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్ శివారు