కుక్క రక్తంలో కాల్షియం కూడా చూడాలి

సంపాదకులకు,

ఈనిన గేదె లేవలేక పడిపోతే పాలజ్వరమని పోల్చుకుని, కాల్షియం సీసా ఎక్కించి నిలబెట్టే పశువైద్యులు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. కాల్షియం తగ్గితే ఏమవుతుందో పాడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. అదే కాల్షియం కుక్కలో పెరిగితే ఒంట్లో ఎక్కడైనా కణితి ఉందేమోనని వెతకాలన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా లాబ్రడార్‌కు తొమ్మిదేళ్లు. మార్చిలో గిన్నెల మీద గిన్నెలు నీళ్లు తాగడం మొదలెట్టాడు. ఎన్నడూ లేనిది, రాత్రిళ్లు హాల్లోనే తడిపేవాడు. ఎండలు కదా అనుకున్నాం. తర్వాత షుగరేమోనన్నాం, అదీ కాదు. మా పట్టణంలో కిడ్నీ జబ్బని మందులు రాశారు. నీరసంగా ఉన్నాడని నా తెలివికొద్దీ నేను కాల్షియం టానిక్ కూడా పోశాను! నెల తర్వాత హైదరాబాద్ తీసుకెళ్తే రక్తంలో కాల్షియం 15 దాటింది. డెసిలీటరుకు 9 నుంచి 11.5 మిల్లీగ్రాములు ఉండాల్సింది. దవడ కింద బిళ్లలు అప్పటికే నిమ్మకాయంత. లింఫోమా అన్నారు, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్.

కొన్ని కణితులు పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలిన ప్రొటీన్‌ను వదులుతాయి. అది ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. దాంతో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు, కుక్కకు దాహం తీరదు. మలద్వారం పక్కనున్న గ్రంథుల కణితిలోనూ ఇంతే. కాల్షియం పెరిగిన ప్రతి కుక్కకూ క్యాన్సరేనని కాదు గానీ, చూడకపోతే ఏదీ తేలదు.

ప్లేట్‌లెట్ల విషయమూ అలాంటిదే. అవి తగ్గాయంటే మన దగ్గర ముందు తట్టేది పిడుదుల జ్వరం. చాలాసార్లు నిజమే. కానీ ప్లీహంలో కణితి లోపల్లోపల రక్తం కారుతున్నా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మందు వాడినా కోలుకోని పెద్ద వయసు కుక్కకు కడుపు స్కానింగ్ చేయించాలి.

పశుసంవర్ధక శాఖను కోరేది ఒకటే. జిల్లా కేంద్రాల్లోని పశువైద్యశాలల్లో కుక్కల రక్తపరీక్షలో కాల్షియాన్నీ చేర్చండి. కిడ్నీల పనితీరు కోసం క్రియాటినిన్ చూసే యంత్రమే, దానికి తగిన రసాయనం ఉంటే కాల్షియాన్నీ చూపిస్తుంది. బిళ్లలు కనిపించగానే స్టెరాయిడ్ ఇవ్వకుండా ముందు సూదితో నమూనా తీయమని కూడా చెప్పండి. స్టెరాయిడ్‌తో బిళ్లలు కరుగుతాయి, కాల్షియం దిగుతుంది, అసలు జబ్బు దొరక్కుండా పోతుంది.

కుక్కను పెంచుకునేవారు ఒకరోజు నీళ్లు కొలిచి పెట్టండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 30 కిలోల కుక్క మూడు లీటర్లకు మించి తాగితే, అది ఎండ దాహమేనని ఊరుకోకండి.

– ఓ పాఠకుడు, నల్గొండ జిల్లా