డ్రెస్సింగ్ గదిలోని అక్కకి

నాన్న అరికాలి షుగర్ పుండు మూసుకుంది. నిన్న చివరి కట్టు విప్పారు. ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు నిద్ర పట్టక రాస్తున్నాను. అమ్మ, తమ్ముడు, మరదలు చేసిందాన్ని వేరే చెప్పక్కర్లేదు, ఇంటివాళ్ళు.

చెప్పాల్సింది ప్రభుత్వాసుపత్రి డ్రెస్సింగ్ గదిలో పనిచేసే నర్సక్క గురించి. పేరు రాయొద్దన్నారు. ఆవిడ పుండు చూడకముందే నేల మీద కూర్చుని, నాన్న చెప్పు తీసుకుని లోపల వేళ్ళతో తడిమారు. బొటనవేలి మొదట్లో అట్ట అరిగి, మేకు మొన పైకి తేలి ఉంది. స్పర్శ పోయిన కాలికి అది తెలియదు. "మందు సంగతి తర్వాత బాబాయ్, ముందు దీన్ని పారేద్దాం" అన్నారు. అంతకుముందు చూపించిన చోట వేలు తీసేయాలన్నారే గానీ చెప్పు తిరగేసి చూసినవాళ్ళు లేరు. ఆ చెప్పులో ఆవిడ చెయ్యి పెట్టడం చూసి నాకు ఏడుపు ఆగలేదు.

పాదంలో నాడి అందుతోందా, పుండు ఎముక దాకా దిగిందా అని డాక్టరుగారితో చూపించాకే "ఇక ఒంటికి వదిలేద్దాం, అదే మానుకుంటుంది" అన్నారు. రక్తం అందని కాలికి ఈ మాట చెల్లదు, రక్తనాళాల డాక్టరు చూడాలి. రక్తం అందుతుంటే మాత్రం పుండు లోపలి నుంచి ఎర్రటి కొత్త కండ పుడుతుంది, అంచుల నుంచి చర్మం పాకుతుంది. అదే చోట మళ్ళీ అడుగు పడితే ఆ కండ నలిగిపోతుంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల విషయంలో తేల్చిందీ ఇదే: చెడ్డది కండ కాదు, స్పర్శ లేక అదే చోట పడే ఒత్తిడి. పిండికట్టు వేసి ఒత్తిడి తీసేస్తే ఆ పుళ్ళూ మానాయి.

అక్క చేసింది: పుండు చుట్టూ గట్టిపడిన ఆనెచర్మం బ్లేడుతో చెక్కారు (ఇంట్లో చేయకండి). మందపాటి ఫెల్టు (ఒత్తి చేసిన ఉన్నిగుడ్డ) ముక్కని లాడం ఆకారంలో కోసి, పుండు మీద బరువు పడకుండా చుట్టూ అంటించారు. బాత్‌రూమ్‌కి కూడా వాకర్ పట్టుకునే వెళ్ళాలన్నారు. కడగడానికి సెలైన్ ఒక్కటే. అది దొరక్కపోతే లీటరు నీళ్ళు పది నిమిషాలు మరిగించి, 9 గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన ఒకటిన్నర టీస్పూన్లు, కలిపి చల్లార్చాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ కొత్త కణాల్నీ చంపుతాయి. పసుపు, కాఫీపొడి వద్దు. గాలికి ఆరబెట్టడమూ వద్దు: తడి నిలిచిన గాయం మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పాకుతుందని 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూపించారు. పప్పు తింటే చీము పడుతుందని మానేయకండి. పప్పు, గుడ్డు లేనిదే కండ దేంతో కట్టుకుంటుంది? కిడ్నీ జబ్బుంటే మాత్రం ఎంత తినాలో డాక్టరుని అడగండి.

నమ్మకంతో పాటు స్కేలూ పెట్టుకోమన్నారు. నాలుగు వారాల్లో పుండు వైశాల్యం సగానికి తగ్గకపోతే ఏదో అడ్డుంది, మళ్ళీ వెతకాలి. ఎరుపు అంచు దాటి 2 సెంటీమీటర్లకు మించి పాకినా, నల్లబడినా, జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి.

ఒక్క మాట అనకుండా ఉండలేను. వేలు తీసే ఆపరేషన్‌కి డబ్బు దొరికే దారులున్నాయి. వేలు నిలబెట్టే గాజుగుడ్డకి, ఫెల్టుకి, మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులకి మా జేబే దిక్కయింది. అంత పెద్ద గదిలో అక్క ఒక్కరే, బయట వరండా నిండా జనం. ఇది మారాలి.

అయ్యో, మందుల షాపు తమ్ముడు, అప్పు రాసుకుని కూడా ఒక్కసారీ అడగలేదు. మెట్ల దగ్గర నాన్నని ఎత్తుకున్న ఆటో అన్న. ఎక్స్‌రే గది దగ్గర తన వంతు మాకిచ్చిన పెద్దావిడ. వాకర్ ఇచ్చిన పక్కవీధి మాస్టారుగారూ, మిమ్మల్ని మర్చేపోయాను, క్షమించండి. రబ్బరు బుడిపెలు అరిగాయి, కొత్తవి వేయించి ఆదివారం తెచ్చిస్తాను.